పాలకొల్లు పిల్లవాడి ఐదు తీగలు

ఈమధ్య ఏ ఇంట్లో చూసినా టెన్త్ పరీక్షలు అయ్యేసరికి పిల్లల నోట ఒకటే మాట... గిటారు! సైకిలు అడిగే వయసు దాటింది, బండి తాళాలిచ్చే వయసు ఇంకా రాలేదు. ఆ మధ్యలో ఈ గిటారు. కొనిచ్చామా, తలుపేసుకుని గదిలో కూర్చుంటారు. ఫోన్లో ఏదో ఇంగ్లీషు బ్యాండు పాట పెట్టుకుంటారు. పాటంతా కాదు, అందులో గిటారు వినిపించే ఒక్క ముక్క. ఆ ముక్కనే ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ పెట్టి వందసార్లు వాయిస్తారు. వంటింట్లో మనకి కుక్కరు ఎన్ని కూతలు కూసిందో లెక్క తప్పుతుంది. ఎందుకురా ఈ గోల, ఆ శ్రద్ధేదో చదువు మీద పెట్టకూడదూ అని ఒక్కసారైనా అనని అమ్మ ఉండదు.

అనడానికి ముందు మన పక్కవూరి పిల్లవాడి కథ ఒకటి చెప్పుకుందాం. గిటారుకి చెల్లెలి లాంటి వాయిద్యం పట్టుకున్నాడు. ఇంట్లోనే, వాళ్ళ నాన్న వస్తువే తీసి పట్టుకున్నాడు. ఊళ్ళో ఆ వాయిద్యం మీద శాస్త్రీయ సంగీతం నేర్పేవాళ్ళే లేరు. అయినా పద్నాలుగేళ్ళకి బెర్లిన్ వెళ్ళాడు. ఆయనే మాండలిన్ శ్రీనివాస్. అసలు పేరు ఉప్పలపు శ్రీనివాస్. ఆయన కన్నుమూసి పుష్కరం కావొస్తోంది. ఇప్పటి పిల్లల్లో చాలామందికి ఆ పేరు తెలియకపోవచ్చు. మనమే చెప్పాలి.

పాలకొల్లు అంటే సినిమావాళ్ళేనా?

పాలకొల్లు అనగానే మనకి అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ గుర్తొస్తారు. కార్తీకమాసంలో పంచారామాలు చుట్టి వచ్చిన వాళ్ళకి క్షీరారామం గాలిగోపురం గుర్తొస్తుంది. ఆ ఊళ్ళోనే 1969 ఫిబ్రవరి 28న శ్రీనివాస్ పుట్టారు. అప్పటికి పశ్చిమగోదావరి ఒకటే జిల్లా, ఏలూరు దానికి ముఖ్యపట్టణం. 2022లో జిల్లాలు విడిపోయాక పాలకొల్లు అటు, మనం ఇటు అయ్యాం. కాలవలు మాత్రం ఒక్క గోదారివే.

తండ్రి సత్యనారాయణగారు సంగీతం మీద ప్రేమ ఉన్న మనిషి. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. ఇంట్లో మాండలిన్ ఉండేది. ఆ రోజుల్లో మాండలిన్ అంటే సినిమా పాటల్లో మధ్యమధ్య గలగలమని వినిపించే వాయిద్యం. పెళ్ళిళ్ళలో, ఉత్సవాల్లో పాటకచేరీలు పెడితే ఆర్కెస్ట్రాలో ఒక మూల కూర్చుని వాయించేవారు. వీణలా దానికి పూజామందిరం దగ్గర చోటు లేదు. వయొలిన్‌లా కచేరీలో పీటా లేదు.

నాన్నతో కచేరీకి వెళ్ళిన పిల్లవాడు అక్కడ మాండలిన్ విన్నాడు. ఇంటికొచ్చి నాన్న మాండలిన్ తీశాడు. అప్పటికి వయసు అయిదారేళ్ళు. పలక మీద గుణింతాలు దిద్దే వయసు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మన ఇళ్ళల్లో అయితే ఏం జరుగుతుంది? నాన్న ఖరీదైన వస్తువు పిల్లాడు ముట్టుకుంటే ముందు చెయ్యి మీద ఒకటి పడుతుంది. ఆ వస్తువు బీరువా మీదకి ఎక్కుతుంది. సత్యనారాయణగారు పిల్లవాడి వేళ్ళు ఎటు పోతున్నాయో చూశారు. చూసి, వాడికంటూ ఒక కొత్త మాండలిన్ కొన్నారు. తనకి తెలిసినంతవరకూ తానే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పడం మొదలుపెట్టారు. శ్రీనివాస్ జీవితంలో బెర్లిన్‌లూ బార్సిలోనాలూ తర్వాత వచ్చాయి. వాటన్నిటికీ దారి తీసింది ఆ రోజు ఆ తండ్రి చేసిన ఖర్చే.

మాండలిన్ రాని మాండలిన్ గురువు

సత్యనారాయణగారికి గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు. ఈయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. చెంబైగారంటే ఎవరో కాదు, మన జేసుదాస్‌కి కూడా గురువు. సుబ్బరాజుగారి దగ్గరే నేర్చుకున్న గిటారిస్టు వాసూరావుగారు 1976లో ఏడేళ్ళ శ్రీనివాస్‌కి పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. పిల్లవాడి చేతివాటం సుబ్బరాజుగారి చెవిన పడింది. ఆయన తానే నేర్పడానికి పూనుకున్నారు.

చిక్కేమిటంటే సుబ్బరాజుగారు గాయకులు. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు! ఏ మెట్టు మీద ఏ వేలు పెట్టాలో, మీటు కిందకి వెయ్యాలో పైకి వెయ్యాలో ఆయన చూపించలేరు. అందుకని ఆయన పాడేవారు. పిల్లవాడు విని, దాన్ని తన తీగల మీద వెతుక్కునేవాడు. గురువుగారు ఒక సంగతి పాడతారు, శిష్యుడు వాయిస్తాడు. కుదరకపోతే మళ్ళీ పాడతారు, మళ్ళీ వెతుక్కుంటాడు. సరళీస్వరాల నుంచి కీర్తనల దాకా పాఠమంతా ఇలాగే సాగింది.

వినడానికి ఇది పెద్ద లోటులా కనిపిస్తుంది. ఆలోచిస్తే అదే ఆయనకి కలిసొచ్చింది. మాండలిన్ తెలిసిన గురువైతే మాండలిన్ మీద ఏం పలుకుతుందో అదే నేర్పి ఉండేవారు. ఫలానాది ఈ వాయిద్యం మీద రాదు నాయనా, వదిలెయ్యి అనేవారు. సుబ్బరాజుగారికి ఆ హద్దు ఎక్కడుందో తెలియదు. గొంతులో పలికిందల్లా తీగ మీద పలకాల్సిందే. పిల్లవాడికీ హద్దు తెలియదు. పలికించాడు.

ఇంట్లో పాట విని గిటారు ముక్క పట్టుకునే మన పిల్లలు చేస్తున్నదీ ఇంచుమించు ఈ పనే. చెవితో వినడం, వేళ్ళతో వెతకడం. ప్రపంచాన్ని ఊపేసిన బీటిల్స్ నలుగురికీ స్వరలిపి చదవడం రాదు. రికార్డులు వినీ వినీ, ఒకరి చెయ్యి చూసి ఒకరు నేర్చుకున్నవాళ్ళే. తేడా ఎక్కడంటే, శ్రీనివాస్‌కి ఎదురుగా ఒక మనిషి కూర్చుని, తప్పు పలికినప్పుడు తల అడ్డంగా ఊపేవారు. ఫోను ఆ పని చెయ్యదు.

ఎందుకంత కష్టం?

మాండలిన్ పుట్టిల్లు ఇటలీ. దానికి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. ఒక్కో జతలో రెండు తీగలూ ఒకే స్వరానికి శ్రుతి చేసి ఉంటాయి. చిన్న పలకతో మీటితే గల్లుమంటుంది, మరుక్షణం ఆ మోత చచ్చిపోతుంది. అందుకే మాండలిన్ వాయించేవాళ్ళు స్వరం నిలబెట్టాలంటే గబగబా అదే తీగని కొడుతూ ఉంటారు. సినిమా పాటల్లో మనకి వినిపించే ఆ గలగల అదే.

మన సంగీతానికి ఇది సరిపోదు. మనకి స్వరం ఒకచోట నిలబడితే చాలదు, ఊగాలి, జారాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి. అదే గమకం. వీణ మీద తీగని మెట్టు మీదే పక్కకి లాగి గమకం పలికిస్తారు. వీణ మెట్లు మైనం మీద ఎత్తుగా ఉంటాయి, దండి వెడల్పుగా ఉంటుంది, తీగ పొడుగ్గా ఉంటుంది. లాగడానికి చోటుంది. మాండలిన్ మెడ సన్నం. తీగ పొడుగు వీణ తీగతో పోలిస్తే సగం కూడా ఉండదు. పైస్థాయిలో మెట్లు ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయంటే పెద్దవాళ్ళ వేలు పెడితే రెండు మెట్లు కప్పేస్తుంది. దానికి తోడు తీగలు జంటలు. ఒకదాన్ని లాగితే రెండోది కలిసిరాదు, శ్రుతి చెడుతుంది. పోనీ ఎలాగో లాగామనుకున్నా, లాగేలోపు మోత ఆగిపోతుంది.

ఈ మూడు ఇబ్బందులూ దాటడానికి శ్రీనివాస్ వాయిద్యాన్నే మార్చుకున్నారు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు. నాలుగు జతల బదులు అయిదు ఒంటి తీగలు. పాశ్చాత్యుల శ్రుతి వదిలేసి మన షడ్జమ పంచమాలకి శ్రుతి చేసుకున్నారు. మామూలు మాండలిన్ నుంచి ఎలక్ట్రిక్ మాండలిన్‌కి మారారు. కరెంటు గిటారులాగే అందులో తీగ కదలికని పట్టి పెద్దది చేసే ఏర్పాటు ఉంటుంది. ఒక్కసారి మీటితే స్వరం నిలుస్తుంది. అది నిలిచినంతసేపూ వేలితో లాగి, వదిలి, జార్చి ఏ గమకం కావాలంటే అది పలికించవచ్చు. రాక్ బ్యాండులో గిటారు ఊళలు వేయించే కిటుకూ, ఆయన చేతిలో కాంభోజి నిలబడే కిటుకూ ఒక్కటే!

కొల్లేరు దాటి గుడివాడకి

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవాలు. ముందటి సంవత్సరం నవంబరులోనే దివిసీమ ఉప్పెన కృష్ణాజిల్లాని అతలాకుతలం చేసి పోయింది. ఆ గుడివాడలో ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లవాడు మాండలిన్ ఒళ్ళో పెట్టుకుని వేదికెక్కాడు. పాలకొల్లు నుంచి గుడివాడ ఎంతో దూరం కాదు. భీమవరం, ఆకివీడు దాటి, కొల్లేరు నీళ్ళు సముద్రానికి మోసుకుపోయే ఉప్పుటేరు దాటి, కైకలూరు మీదుగా వెళ్ళిపోవచ్చు. కానీ ఆ రోజు మాండలిన్ దాటిన దూరం చాలా పెద్దది. పాటకచేరీ మూల నుంచి త్యాగరాజస్వామి పటం ముందుకి వచ్చింది.

త్వరలోనే కుటుంబం మద్రాసు చేరింది. కర్ణాటక సంగీతంలో పేరు తెచ్చుకోవాలంటే అప్పుడు మద్రాసు తప్ప వేరే దారి లేదు. ఉన్న ఊరు, తెలిసిన మనుషులు, అలవాటైన ఇల్లు వదిలి, పిల్లవాడి వేళ్ళని నమ్ముకుని పరాయి ఊరు వెళ్ళడం ఎంత సాహసమో సంసారం చేసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అద్దె, పాలు, కూరలు, బడి, భాష అన్నీ కొత్తే. ఇలాంటి కథల్లో తండ్రి పేరూ గురువు పేరూ రాస్తారు, ఆ కొత్త ఊళ్ళో పొయ్యి వెలిగించిన అమ్మ గురించి ఒక్క ముక్కా ఉండదు. ఆవిడ లేకుండా ఆ పిల్లవాడు రోజూ గంటల తరబడి సాధన చేసేవాడా?

1981 డిసెంబరు సంగీతోత్సవాల్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద శ్రీనివాస్ మద్రాసు రసికులకి మొదటిసారి వినిపించాడు. పన్నెండేళ్ళ పిల్లవాడు! మెచ్చుకున్నవాళ్ళు మెచ్చుకున్నారు. ముఖం చిట్లించినవాళ్ళూ ఉన్నారు. సినిమా పాటల వాయిద్యం, పైగా కరెంటు తగిలించినది, దీని మీద త్యాగరాజ కీర్తనలేమిటని సందేహపడ్డారు.

ఆ సందేహం కొత్తదేం కాదు. ఇవాళ కర్ణాటక కచేరీలో పక్కన వయొలిన్ లేకపోతే మనకి వెలితిగా ఉంటుంది. అదీ తెల్లవాళ్ళ వెంట వచ్చిందే. రెండు వందల ఏళ్ళ కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. మన ద్వారం వెంకటస్వామినాయుడుగారి కాలానికి అది ఇంటి మనిషి అయిపోయింది. అంతెందుకు, పాలకొల్లు పక్కనే ఉన్న నర్సాపురం లేసు తీసుకోండి. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు తెచ్చిన అల్లిక అది. మన ఆడవాళ్ళు ఇంటి అరుగుల మీద కూర్చుని, పని మధ్యలో దొరికిన అరగంటలో కొక్కెం తిప్పీ తిప్పీ దాన్ని తమది చేసుకున్నారు. ఇప్పుడది నర్సాపురం పేరుతోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరు అడుగుతున్నారు?

శ్రీనివాస్ ఎవరికీ జవాబు చెప్పలేదు. వాయిస్తూ పోయాడు. మాటలు తక్కువ, ముఖం మీద నవ్వు ఎక్కువ. ఎంత వేగంగా వాయిస్తున్నా ఆ నవ్వు చెదిరేది కాదు. కొన్నాళ్ళకి సందేహపడ్డ సభలే ఆయన తేదీల కోసం ఎదురుచూశాయి.

గిటారు వీరుల మధ్య

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి పిలుపు వచ్చింది. కర్ణాటక సంగీతం అంటే ఏమిటో తెలియని శ్రోతలు. పాలకొల్లు పిల్లవాడికి పద్నాలుగేళ్ళు. కచేరీ అయ్యేసరికి ఆ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అక్కడి నుంచి విదేశీ ప్రయాణాలు ఆగలేదు. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్ సందర్భంగా జరిగిన కళోత్సవాల్లోనూ వాయించారు.

జెనెసిస్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండులో పాడిన పీటర్ గాబ్రియెల్, రియల్ వరల్డ్ అనే రికార్డు కంపెనీ పెట్టారు. 1994లో ఆ కంపెనీ శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని రామా శ్రీరామా పేరుతో విడుదల చేసింది. మరుసటి ఏడాది కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి డ్రీమ్ అనే ఆల్బమ్ చేశారు. ఈ బ్రూక్ ఎవరంటే, మీటిన స్వరం ఎంతసేపైనా ఆగకుండా నిలిచే గిటారు తయారుచేసిన మనిషి. యూ టూ అనే పేరున్న రాక్ బ్యాండు గిటారిస్టు కూడా ఆ గిటారు వాడాడు. స్వరం నిలవాలని కెనడాలో ఒకాయన తంటాలు పడ్డాడు, పాలకొల్లు నుంచి వచ్చిన ఈయనా అందుకే తంటాలు పడ్డారు. ఇద్దరూ ఒకచోట కలిశారు.

జాన్ మెక్‌లాఫ్లిన్ సంగతి ఇంకా చిత్రం. ఇంగ్లండులో పుట్టిన ఈ గిటారిస్టు జాజ్‌నీ రాక్‌నీ కలిపి 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే బ్యాండు పెట్టాడు. గిటారు నేర్చుకునే కుర్రాళ్ళు ఆ బ్యాండు గిటారు ముక్కలు వాయించగలిగితే గొప్పగా చెప్పుకుంటారు, అంత కష్టం. ఆయనకి మన సంగీతం మీద మనసు పడింది. వీణ నేర్చుకున్నాడు. జాకీర్ హుస్సేన్ వంటి వారితో శక్తి అనే బృందం కట్టాడు. గిటారు మీద గమకం పలకడం లేదని మెట్ల మధ్య చెక్కని గుంటలుగా తొలిపించి, తీగని వీణ మీద లాగినట్టు లాగే ఏర్పాటు చేసుకున్నాడు. అక్కడ ఆయన గిటారుని వీణ చెయ్యబోయాడు. ఇక్కడ సత్యనారాయణగారి అబ్బాయి మాండలిన్‌ని వీణ చేశాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే!

1999 ప్రాంతంలో ఇద్దరూ ఒకే వేదిక ఎక్కారు. శక్తి బృందం రిమెంబర్ శక్తి పేరుతో మళ్ళీ మొదలయ్యాక అందులో శ్రీనివాస్ చేరారు. తబలా మీద జాకీర్ హుస్సేన్, గానానికి శంకర్ మహదేవన్, ఘటం కంజీరాలకి సెల్వగణేశ్. 2000 డిసెంబరులో బొంబాయిలో వీళ్ళు చేసిన కచేరీ సాటర్‌డే నైట్ ఇన్ బాంబే అనే ఆల్బమ్‌గా వచ్చింది. మెక్‌లాఫ్లిన్ గిటారు ఒక ప్రశ్న వేసినట్టూ, శ్రీనివాస్ మాండలిన్ నవ్వుతూ జవాబు చెప్పినట్టూ ఉంటుంది. మీ పిల్లలు గిటారు పిచ్చివాళ్ళయితే ముందు ఇది వినిపించండి. ఆ తర్వాత ఆ మాండలిన్ ఏ ఊరిదో చెప్పండి. వాళ్ళ ముఖం చూడండి.

మరి ఆడపిల్ల అయితే?

ఈ కథ చదువుతుంటే నాకొక ప్రశ్న వస్తుంది. మీకూ వచ్చే ఉంటుంది. మాండలిన్ తీసింది ఆడపిల్ల అయితే, మన ఇళ్ళల్లో ఊరు మారేవారా?

వీణ నేర్పిస్తాం. పెళ్ళిచూపుల్లో చెప్పుకోవడానికి వర్ణం దాకా వస్తే చాలనుకుంటాం. పెళ్ళయ్యాక ఆ వీణ గుడ్డ కప్పుకుని అటక ఎక్కుతుంది. ఈ జిల్లాలో అటక మీద ఉన్న వీణలు లెక్కపెడితే ఎన్ని తేలతాయో! కడుపులో పిల్లలు, ఒళ్ళో పిల్లలు, అత్తగారి మందులు, ఆయన డ్యూటీ వేళలు. వేళ్ళు కదులుతూనే ఉంటాయి, తీగ మీద మాత్రం కాదు.

అమెరికాలోనూ ఇంతే. ఎలిజబెత్ కాటన్ అనే నల్లజాతి ఆవిడ కథ చూడండి. 1890లలో పుట్టింది. ఎడమచేతివాటం. చిన్నప్పుడే ఇళ్ళల్లో పని చేసి కూడబెట్టిన డబ్బుతో గిటారు కొనుక్కుంది. నేర్పేవాళ్ళు లేక, కుడిచేతివాళ్ళ గిటారునే తలకిందులుగా పట్టుకుని తనంతట తనే నేర్చుకుంది. పెళ్ళి, బిడ్డ, చర్చివాళ్ళ అభ్యంతరాలు... గిటారు పక్కన పెట్టేసింది. దశాబ్దాలు గడిచిపోయాయి. ఒక సంగీత కుటుంబంలో ఇంటిపనికి కుదిరాక, ఆ ఇంట్లో ఉన్న గిటారు తీసి మళ్ళీ వాయించింది. ఇంటివాళ్ళు విని నోరు తెరిచారు. 1958లో, అరవైల్లో పడ్డాక, మొదటి రికార్డు వచ్చింది. 1985లో గ్రామీ బహుమతి అందుకుంది. 1987లో చనిపోయింది. ఇప్పుడు గిటారు నేర్చుకునేవాళ్ళు ఆవిడ తలకిందుల పద్ధతిని కుడిచేత్తో అనుకరించడానికి అవస్థపడుతుంటారు.

మన దగ్గరా దారులు తెరుచుకున్నాయి. శ్రీనివాస్ కచేరీలకి వయొలిన్ పట్టినవారిలో విజయనగరం ఆడపడుచు కన్యాకుమారిగారు ఉన్నారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి 2016లో ఆవిడని వరించింది. శ్రీఉష, శిరీష అనే అక్కచెల్లెళ్ళు మాండలిన్ సిస్టర్స్‌గా కచేరీలు చేసి పేరు తెచ్చుకున్నారు. పాలకొల్లులో ఒక తండ్రి కొన్న కొత్త మాండలిన్ ఫలితం వాళ్ళ దాకా వచ్చింది.

నలభై అయిదేళ్ళకే

తమ్ముడు రాజేశ్‌కి శ్రీనివాస్ గురువు కూడా అయ్యారు. అన్నదమ్ములిద్దరూ జంటగా ఎన్నో కచేరీలు చేశారు. దేశవిదేశాల్లో శిష్యులు తయారయ్యారు. ఒకప్పుడు నేర్పేవాళ్ళే లేని వాయిద్యానికి ఒక పాఠశాల లాంటిది ఏర్పడింది. 1998లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది.

సంగీత కళానిధి మాత్రం రాలేదు. కర్ణాటక సంగీతకారులకి అదే పెద్ద గౌరవం. అది ఇంకా వస్తుందిలే, వయసుందిగా అని అభిమానులు అనుకుంటూ ఉండగానే కాలేయం జబ్బు చేసింది. చెన్నైలో కాలేయ మార్పిడి చేశారు. తర్వాత వచ్చిన ఇబ్బందుల నుంచి కోలుకోలేదు. 2014 సెప్టెంబరు 19న ఆ నవ్వు ఆగిపోయింది. వయసు నలభై అయిదు. నిండు కచేరీలో సగంలో తీగ తెగినట్టయింది.

ఆయన లేకుండా మళ్ళీ కలిసిన శక్తి బృందానికి 2024లో గ్రామీ వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో జాకీర్ హుస్సేన్ కూడా వెళ్ళిపోయారు.

కొనిద్దామా, వద్దా?

ప్రతి పిల్లాడూ శ్రీనివాస్ అవుతాడా అంటే అవ్వడు. అవ్వక్కర్లేదు కూడా. అయినా ఆయన చిన్నతనం నుంచి మనం తీసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, ముందు కొన్నాళ్ళు చూడాలి. ఎవరిదైనా పాత గిటారు అడిగి తెచ్చి ఇవ్వండి. వారానికే విసుగొస్తే మీ డబ్బు మిగిలింది. వేళ్ళ చివరలు ఎర్రగా కందినా వదలకపోతే మాత్రం అది ఉత్త సరదా కాదని అర్థం. తీగలకి చర్మం అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ నొప్పి మామూలే, కంగారుపడకండి.

రెండోది, పాడించండి. పట్టుకోవాలనుకున్న గిటారు ముక్కని ముందు నోటితో కూనిరాగం తియ్యమనండి. గొంతులోకి వచ్చింది వేళ్ళలోకి తొందరగా వస్తుంది. ఇంకా కష్టమైతే నాలుగు స్వరాల ముక్కలు చేసుకుని, నెమ్మదిగా, ఒక్కో ముక్కా కుదిరాకే తర్వాతది. సుబ్బరాజుగారు నేర్పిన పద్ధతిలో అంతకంటే రహస్యం లేదు.

మూడోది, వాయిద్యం రానివాళ్ళు కూడా వినగలరు. మీకు గిటారు తెలియకపోయినా మీ చెవికి శ్రుతి తెలుసు. చిన్నప్పుడు మంగళహారతులు పాడినవాళ్ళమే కదా! వంట చేస్తూనే వినండి. నిన్న తడబడిన చోట ఇవాళ తడబడకపోతే ఆ మాట వాడితో చెప్పండి. ఆ అమ్మాయితో చెప్పండి. ఆదివారం ఒక్క పావుగంట ఎదురుగా కూర్చోండి.

ఇక నాలుగోది మన కోసం. అటక మీద వీణో, గోడకి తగిలించిన వయొలినో ఉంటే దించి దుమ్ము దులపండి. తీగలు తుప్పుపట్టి ఉంటాయి, అవి మార్చుకోవచ్చు, పెద్ద ఖర్చేమీ కాదు. మైనం కరిగి మెట్లు కదిలితే మేళం కట్టేవాళ్ళకి చూపించండి. పిల్లలు గదిలో గిటారు ముక్క వందోసారి వాయించుకుంటూ ఉన్న ఆ గంట మనకీ ఖాళీయే.